హంస మీద మూడు పారలు

కెస్టర్‌హోఫ్,
సెప్టెంబర్ 1925

తమ్ముడు బేరెండ్‌కు,

రొట్టెల బండి రేపు మీ ఊరు వస్తోందని తెలిసి, కుట్టుపని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఇంకెవరి నోటనో నువ్వు వినేలోపు నేనే చెప్పాలి. కొత్త మునిసిపాలిటీ జెండా కుట్టే పని నాకిచ్చారు.

జనవరి ఒకటిన మీ స్వాన్‌వార్డ్‌ను మా కెస్టర్‌హోఫ్‌లో కలిపేస్తున్నారు కదా. ఆ రోజు టౌన్‌హాలు మీద ఈ జెండా ఎగరాలట. మేయరుగారు స్వయంగా మా వంటింటికి వచ్చారు. ఆయనకు మా గుమ్మం ఎత్తు తెలియదు, నుదురు కొట్టుకుని, పైకి మాత్రం ఏమీ కానట్టు నవ్వారు. మీ బావ ట్యూనిస్ గట్టు పనుల మేస్త్రీ కాబట్టి మా ఇల్లంటే ఆయనకు నమ్మకం. పైగా నేను మీ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళో మెట్టినదాన్ని. రెండు ఊళ్ళనూ కలిపి కుట్టే చెయ్యి ఇదేనట. ఆయన మాటలు అలాగే ఉంటాయి.

జెండా పైన నీలం, కింద పచ్చ, నడుమ తెల్లటి పట్టీ. మధ్యలో డాలు. డాలు పై సగంలో కెస్టర్‌హోఫ్ వారి మూడు బంగారు పారలు, కింది సగంలో మన తెల్ల హంస. మన అంటున్నాను చూశావా, ఇరవయ్యేళ్ళు కాపురం చేసినా నోరు మారలేదు. హేగ్ నుంచి చిత్రకారుడు రంగుల బొమ్మ పంపాడు. హంస బాగానే ఉంది. మెడ కొంచెం వంచి ఉంది, అంతే.

పాప పుట్టాక మరదలు లీస్‌బెత్ కోలుకుందా? ఉన్ని మిగిలితే పాపకు టోపీ అల్లి పంపుతాను.

మీ అక్క
అలైడా


స్వాన్‌వార్డ్,
సెప్టెంబర్ చివర

అక్కా,

లీస్‌బెత్ బాగుంది, పాప బాగుంది, ఆవులు బాగున్నాయి. బాగోలేనిది నీ ఉత్తరమొక్కటే.

మెడ వంచి ఉందని రాశావు, ఎందుకు వంచిందో రాయలేదు. నెత్తి మీద మూడు పారలు పెడితే ఏ పక్షైనా మెడ వంచదా?

నీ ఉత్తరం రేవు పక్కన కాఫీ కొట్లో అందరికీ చదివి వినిపించాను. చదవకుండా ఉండాల్సింది. పడవ నడిపే కోబస్ కప్పు బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళిపోయాడు. మన చర్చి గోడ మీద చెక్కిన, వరదలో పోయినవాళ్ళ పేర్లు చిన్నప్పుడు నువ్వూ నేనూ కూడబలుక్కుని చదివేవాళ్ళం, గుర్తుందా? వాటిలో సగం కోబస్ ఇంటివాళ్ళవే. ఆ పెద్ద వరద ఏడాది కెస్టర్‌హోఫ్ వీధుల్లోకి నీళ్ళొస్తే, వాళ్ళు పారలు పట్టుకొచ్చి రెండు ఊళ్ళ మధ్య ఉన్న అడ్డుగట్టు తవ్వేశారని నానమ్మ చెప్పేది. నీళ్ళు వాళ్ళ వీధులు దిగి మన ఇళ్ళు ఎక్కాయి. గట్టు తనంతట తనే తెగిందని మీ ఊరివాళ్ళు ఇప్పటికీ అంటారు. సరే, తనంతట తనే తెగితే ఆ పారలంటే అంత ప్రేమ ఎందుకో అడుగు.

నీ మీద కోపం లేదు. ఉంది, కానీ నీ మీద కాదు. ఆ పని వదులుకో. సూది పట్టగలిగిన ఆడవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటారు.

బేరెండ్


కెస్టర్‌హోఫ్,
అక్టోబర్

బేరెండ్,

వదులుకోలేదు. ముందు అది చెప్పి తర్వాత మిగతాది రాస్తాను.

నీ ఉత్తరం అందాక మేయరుగారి దగ్గరికి వెళ్ళాను. పారలూ హంసా పక్కపక్కన ఉంటే బాగుంటుందేమో అన్నాను. ఆయన కోప్పడలేదు, అదే నాకు కష్టంగా ఉంది. పారలు నేల మీద ఉండాలి, హంస నీటి మీద ఉండాలి, నేల నీటికి పైనే కదా ఉండేది అన్నారు. హేగ్‌లో ప్రభుత్వ ఆమోదం కూడా అయిపోయిందట. నేను ఇంటికొచ్చి మళ్ళీ సూది పట్టుకున్నాను. నేను వదిలేస్తే దర్జీ కొట్టు ఆవిడ కుడుతుంది, ఆవిడ మీ హంసను బాతులా కుడుతుంది. నేను కుడితే కనీసం హంసైనా హంసలా ఉంటుంది. నీకిది సమాధానం కాదని తెలుసు.

ఆ పారలు గట్లు కట్టినందుకు రాజులిచ్చిన గుర్తని ట్యూనిస్ అంటాడు. తవ్వినవాడు తను తవ్విన పారను డాలు మీద పెట్టుకుంటాడా అని అతని ప్రశ్న. మీ బావకు ఏ విషయమైనా గట్టులాగే కనిపిస్తుంది, కట్టాలి లేదా పూడ్చాలి.

పోయిన వారం అతను అడ్డుగట్టు చూడ్డానికి మీ వైపు వచ్చాడు. తిరిగొచ్చేసరికి బండి వెనక తారుతో మూడు పారలు గీసి ఉన్నాయి. అతను నవ్వి తుడుచుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. గట్టు లోపల చుంచులు తవ్విన బొరియలున్నాయట, ఈ చలికాలం లోపల బాగు చేయకపోతే ప్రమాదమట. ఈ మాట మీ వాళ్ళకు చెప్పు.

ఇక్కడ వాన ఆగడం లేదు. ఎగువన ఇంకా ఎక్కువట.

అలైడా


స్వాన్‌వార్డ్,
డిసెంబర్

అక్కా,

చెప్పాను. గట్టు బాగు చేసే వంకతో బావ పార పట్టుకుని తిరుగుతున్నాడని వాళ్ళు అర్థం చేసుకున్నారు.

ఆదివారం ప్రార్థనకు వెళ్ళేసరికి చర్చి గుమ్మం ముందు హంస పడి ఉంది. చచ్చింది. మెడ ఒక్క దెబ్బకు తెగి ఉంది, పార దెబ్బలాగే. పాస్టరుగారు నక్క పని అన్నారు. నక్క అంత బాగా కోయగలిగితే దానికి మాంసం కొట్టు పెట్టించొచ్చు అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు. కోబస్ దాన్ని గోనెసంచిలో చుట్టి, మనిషిని పూడ్చినట్టు చర్చి పెరట్లో పూడ్చాడు. పాస్టరుగారు అడ్డు చెప్పలేదు.

ఎవరు చేశారో నాకు తెలియదు, మీ కుర్రకారు పనేనని అంటున్నారు. మా వాళ్ళే చేసి ఉండొచ్చని ఒక క్షణం అనిపించింది. ఆ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నది గోధుమరంగులో పారుతోంది, చెట్లు కొట్టుకొస్తున్నాయి. రేవు మెట్లు మునిగాయి. మేం అడ్డుగట్టు మీద కాపలా వేసుకున్నాం. కోబస్ బాతుల్ని కొట్టే తుపాకీ తెచ్చుకున్నాడు. మేం అని రాశానని నువ్వు పట్టుకుంటావు, అవును, నేనూ వెళ్తున్నాను. వెళ్ళకపోతే కెస్టర్‌హోఫ్ కోడలి తమ్ముడినని అంటారు.

బావను కొన్నాళ్ళు గట్టు వైపు రావద్దను.

బేరెండ్


కెస్టర్‌హోఫ్,
జనవరి 2

బేరెండ్,

నిన్న జెండా ఎగరేశారు. తడిసిన బట్ట కర్రకు అంటుకుపోయి, పారలు కనిపించాయి గానీ హంస మడతలో పడింది. స్వాన్‌వార్డ్ నుంచి ఒక్కరూ రాలేదు. మీకోసం వేయించిన ఎండుద్రాక్ష బూరెలు బుట్టెడు మిగిలిపోయాయి. మేయరుగారి ఉపన్యాసం సగంలో ఉండగా చర్చి గంట మోగింది. ఎగువన నది పెద్దగట్టు తెగింది.

ఇప్పుడు మా దిగువ వీధి మోకాలి లోతు నీళ్ళలో ఉంది. పొలాలన్నీ చెరువు. ఆ నీళ్ళన్నీ వచ్చి అడ్డుగట్టుకు ఆనుకుని నిలబడ్డాయి, అవతల మీరున్నారు. ఇక్కడ కొందరు ఏమనుకుంటున్నారో నేను రాయను, నువ్వు ఊహించగలవు. పైకి ఎవరూ అనలేదు. అనబోయినవాడి నోరు ట్యూనిస్ మూయించాడు.

ఇప్పుడు శ్రద్ధగా చదువు. గట్టు మీ వైపు నుంచి కారుతోంది. ఎల్లుండి పొద్దున ట్యూనిస్ మనుషుల్ని తీసుకుని, ఇసుక బస్తాలతో, పారలతో వస్తాడు. పూడ్చడానికి వస్తున్నాడు. మీ కోసం వస్తున్నాడు. ఈ మాట కోబస్‌కు నీ నోటితో చెప్పు. రొట్టెల బండి ఆగిపోయింది. పోస్టుమాన్‌ను మాత్రం మీ వాళ్ళు గట్టు మీద నడవనిస్తున్నారట, అందుకే అతని చేతికిస్తున్నాను.

లీస్‌బెత్‌నూ పాపనూ మా ఇంటికి పంపించెయ్. గొడవ తర్వాత పడదాం.

అక్క


స్వాన్‌వార్డ్,
జనవరి 3

అక్కా,

నీ ఉత్తరం కాపలా గుడిసెలో చదివి వినిపించాను. అంతా విన్నారు. చివరికి కోబస్ ఒకటే అన్నాడు: "అప్పుడూ బాగు చేస్తామనే చెప్పి వచ్చారు."

అది నిజమో కాదో ఎవరికి తెలుసు? కానీ అందరూ తలూపారు. నీ దిగువ వీధి మునిగిందని చదివినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాల్సింది. మీకు నీళ్ళు దింపుకోవాల్సిన అవసరం ఉంది, చేతిలో పారలున్నాయి. ఇంకేం కావాలి వాళ్ళకు?

బావను ఆపు. ఆపలేకపోతే పారలు లేకుండా రమ్మను. బస్తాలు మాత్రం తెమ్మను, మా పారలు మేమిస్తాం.

లీస్‌బెత్ రానంటోంది. ఊరు వదిలి కెస్టర్‌హోఫ్‌కు పోయిందని అనిపించుకోదట.

బేరెండ్


కెస్టర్‌హోఫ్,
జనవరి 3, సాయంత్రం

బేరెండ్,

నీ ఉత్తరం ట్యూనిస్‌కు చూపించాను. "పారలు లేకుండా గట్టును గరిటెతో పూడ్చమంటాడా మీ తమ్ముడు?" అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. ఒక్క రోజు ఆలస్యమైతే గట్టు ఉండదని అతనికి తెలుసు. అది నాకూ తెలుసు, అందుకే ఎక్కువ బతిమాలలేకపోయాను.

మేయరుగారికి వేరే ఆలోచన వచ్చింది. ఇది ప్రభుత్వం పని, ఎవరి సొంత పనీ కాదని తెలిసేలా మునిసిపాలిటీ జెండా ముందు పట్టుకుని నడవమన్నారు. అందులో మీ హంస కూడా ఉందిగా, చూసి దారి ఇస్తారు అన్నారు. ఆ జెండా వద్దు, ఉత్త తెల్లబట్ట పట్టుకెళ్ళండి అన్నాను. తెల్లబట్ట లొంగిపోయేవాళ్ళు పడతారు అన్నారు. జెండా తెచ్చి మా పొయ్యి దగ్గర ఆరబెట్టారు. ట్యూనిస్సే పట్టుకుంటాడట.

రేపు పొద్దున ముందుగా కనిపించేది అతనే అని చెప్పు. అతని పేరు చెప్పు. మీ ఊరి అల్లుడని చెప్పు.

అక్క


స్వాన్‌వార్డ్, చర్చి పై అటక,
జనవరి 6

అక్కా,

బావ బతికే ఉన్నాడు. ఆ మాట ముందు రాస్తున్నాను.

ఎడమ పక్క డొక్కలో దెబ్బ తగిలింది. డాక్టరు నిన్న పడవలో వచ్చి చూశాడు. ఇప్పుడే కదిలించవద్దన్నాడు. జ్వరం ఉంది. అప్పుడప్పుడూ ఏదో అంటున్నాడు గానీ అర్థం కావడం లేదు.

ఆ పొద్దున మంచు దట్టంగా ఉంది. మాకు ముందు మనుషులు కనిపించలేదు. మంచులోంచి జెండా ఒక్కటే వచ్చింది, అందులోనూ పైభాగం. నీలం మీద మూడు పారలు, గాలిలో నడిచి వస్తున్నట్టు. తర్వాత దాని కింద నిజం పారలు, భుజాల మీద. మా వాళ్ళలో ఎవరో నానమ్మలు చెప్పినట్టే వస్తున్నారన్నారు. కోబస్ ఆగమని కేక వేశాడు. బావ ఏదో బదులు చెప్పాడు, నీళ్ళ హోరులో వినబడలేదు. కోబస్ కాల్చాడు. జెండాకు గురిపెట్టానని అన్నాడు, జెండా దించేద్దామనే కాల్చాడు.

బావ పడిపోయాడు. రెండు వైపులవాళ్ళూ ఒకరి మీదికొకరు వెళ్ళారు, ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. ఆ గొడవలో గట్టును ఎవరూ చూడలేదు. కాళ్ళ కింద నేల మెత్తబడింది. ముందు మీ వైపు మనిషొకడు గమనించి పార పట్టుకుని దూకాడు, తర్వాత మా వాళ్ళూ దూకారు. అంతవరకూ కొట్టుకున్నవాళ్ళే పక్కపక్కన నిలబడి మట్టి వేశారు. అప్పటికే ఆలస్యమైంది. అది తెగింది. ఎవరూ తవ్వలేదు అక్కా. తనంతట తనే తెగింది. నా కళ్ళతో చూశాను. ఇది చెబితే ఇక్కడ ఎవరూ నా ముఖం చూడడం లేదు.

ఊరంతా మునిగింది. బావను తలుపు మీద వేసి ఇక్కడికి మోసుకొచ్చాం. మా ఇంటి కప్పు దాకా నీళ్ళు. లీస్‌బెత్ పాపను ఎత్తుకుని కప్పు మీద కూర్చుంటే, కోబస్ పడవ వేసుకెళ్ళి దించుకొచ్చాడు. మనుషులు దొరికినంతసేపూ తిరుగుతూనే ఉన్నాడు, చేతుల చర్మం ఊడిపోయింది. అందరినీ దించాక పోలీసుల పడవ వచ్చి అతన్ని తీసుకెళ్ళింది. అటకలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

నీళ్ళు కాస్త నెమ్మదించగానే బావను పంపిస్తాం.

బేరెండ్


కెస్టర్‌హోఫ్,
ఫిబ్రవరి

బేరెండ్,

ట్యూనిస్ అంత్యక్రియల్లో నువ్వు వెనక వరసలో నిలబడి, పలకరించకుండా వెళ్ళిపోయావు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

మా దిగువ వీధిలో నీళ్ళు దిగిపోయాయి. ఎందుకు దిగాయో మాకందరికీ తెలుసు. అందుకేనేమో ఇల్లు పోయిన మీ వాళ్ళను ఇళ్ళల్లో పెట్టుకోమంటే ఎవరూ కాదనలేదు. నాకు ఎవరిని ఇచ్చారో తెలుసా? కోబస్ భార్య గ్రీత్యనూ పిల్లలనూ. మేయరుగారు నన్ను అడగడానికి కూడా భయపడ్డారు, ఆమే గుమ్మం ముందు నిలబడి ఇది ఎవరిల్లో తెలిసే వచ్చానంది. లోపలికి రమ్మన్నాను. పై గది ఇచ్చాను. ఇద్దరం ఒకే బల్ల దగ్గర బంగాళాదుంపల పొట్టు తీస్తాం. రాత్రి ఆమె పిల్లలకు దుప్పటి కప్పే చప్పుడు నాకు కింద వినిపిస్తుంది.

తన మొగుడు జెండాకే గురిపెట్టాడని ఆమె నమ్మకం. నీ సాక్ష్యం మీదే ఆశ పెట్టుకుంది. అప్పుడది హత్య కాదు, ప్రమాదం. నేనూ అలాగే నమ్మాను, నువ్వు రాశావు కాబట్టి.

మొన్న జెండాను నా దగ్గరికి తెచ్చారు. బురదలోంచి తీశారట. ఉతికి, చిరిగినచోట కుట్టి ఇవ్వమన్నారు. తొట్టిలో నానబెట్టి ఉతికాను, కిటికీకి అడ్డంగా కట్టి వెలుతురులో చూశాను. నీలం చూశాను, పచ్చ చూశాను, పారల చుట్టూ, హంస చుట్టూ ప్రతి కుట్టూ వేలితో తడిమాను. కర్రకు కట్టే అంచు కాస్త ఊడింది. అంతే.

ఒక్క రంధ్రం లేదు, బేరెండ్. బాతుల తుపాకీ చిమ్మే సీసపు రవ్వల్లో ఒక్కటి తగిలిన గుర్తు కూడా లేదు.

ట్యూనిస్ ఇంటికొచ్చాక బతికిన ఆ కొద్ది రోజుల్లో ఒకే మాట పదేపదే అన్నాడు. కోబస్ నన్ను పేరు పెట్టి పిలిచాడు అన్నాడు. జ్వరమనుకుని తడిగుడ్డ వేశాను.

ఈ సంగతి గ్రీత్యకు చెప్పలేదు, మేయరుగారికీ చెప్పలేదు. జెండా మడిచి నా దగ్గరే పెట్టుకున్నాను. కోర్టువాళ్ళు నిన్ను అడిగేలోపు నేను అడుగుతున్నాను. నువ్వు అతని పక్కనే నిలబడ్డావు. ఏం చూశావు?

అలైడా


స్వాన్‌వార్డ్,
ఫిబ్రవరి చివర

అక్కా,

అవును.

"ట్యూనిస్, అక్కడే ఆగు" అన్నాడు కోబస్. నేనే గదా అని బావ నవ్వి ఇంకో అడుగు వేశాడు. జెండా అతని తలకు చాలా పైన ఉంది. తుపాకీ గొట్టం జెండా మీది నుంచి కిందికి దిగడం చూశాను. పట్టుకునేంత దగ్గరలో ఉన్నాను. పట్టుకోలేదు. పట్టుకుంటే కెస్టర్‌హోఫ్ కోడలి తమ్ముడినని అంటారని కాదు, అంత ఆలోచించే వ్యవధి లేదు. ఉత్తినే నిలబడ్డాను.

తర్వాత అతను నా పెళ్ళాన్నీ బిడ్డనూ కప్పు మీది నుంచి దించి నా చేతుల్లో పెట్టాడు. పాపను ఇస్తూ నా కళ్ళలోకి చూశాడు. ఏమీ అడగలేదు. అటకలో బావ పక్కన కూర్చుని నీకు రాసేటప్పుడు ఆ చూపు నా ఎదురుగా ఉంది. అందుకే అలా రాశాను.

కోర్టులో రెండూ చెబుతాను. గొట్టం కిందికి దిగిందనీ చెబుతాను, కప్పుల మీది నుంచి ఎంతమందిని దించాడో అదీ చెబుతాను. వాళ్ళు దేన్ని ఎంత తూచుకుంటారో వాళ్ళిష్టం.

నేనేం చెప్పబోతున్నానో లీస్‌బెత్‌కు నిన్న చెప్పాను. ఆమె లేచి, బురద కడిగి ఆరబెట్టిన గిన్నెలు గడ్డిలో చుట్టడం మొదలుపెట్టింది. ఊరికి తెలిశాక ఇక్కడ మాకు నిప్పు ఇచ్చేవాళ్ళు కూడా ఉండరని ఆమెకు తెలుసు. ఎలా తెలిసిందో గానీ, పొద్దున మా గుమ్మం ముందు నేలలో ఎవరో పార గుచ్చి వెళ్ళారు.

గురువారం బయల్దేరుతున్నాం. కోర్టుకు మీ ఊరి మీదుగానే దారి. గ్రీత్యకు నువ్వేమీ చెప్పకు, నేనే కూర్చోబెట్టి చెబుతాను. పై గది ఆమెకు ఇచ్చానన్నావు. మమ్మల్ని ముగ్గుర్నీ ఎక్కడ పడుకోబెడతావో చూడు.

బేరెండ్